మూడో ముడి కింద గాలి

నిన్న తాడు మీది మూడో ముడి కూడా నా వేళ్ళ మధ్య నుంచి జారింది. అంతే, తాడు కొసకు కట్టి గుంతలోకి దింపిన గాలి మీటరు కీచుమని అరవడం మొదలుపెట్టింది. మిల్లు ఆగి ఉందేమో, ఆ కూత రేకులకు తగిలి రెండింతలయింది. దాని వెనకాలే వాసన. నానిన వడ్లు కుళ్ళితే వచ్చే పుల్లటి వాసన, కడగని కల్లు కుండలో ముఖం పెట్టినట్టుంటుంది. నేను తాడు చేతికి చుట్టుకుంటూ గబగబా పైకి లాగుతుంటే, లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి దిగడానికి సిద్ధంగా ఉన్న హమాలీ నర్సింహ గుంతలోకి తొంగిచూసి నవ్వాడు.

"ఏందక్కా, గంత లొల్లి చేస్తున్నది నీ డబ్బ? కింద మంచిగనే కనబడ్తున్నది గద. అడుగున గింజలు గూడ లెక్కబెట్టొచ్చు."

"కనబడితే బతుకుతమా?" అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది. ఆ మాట నాది కాదు, సైదమ్మ పెద్దమ్మది. ఆ గొంతు కూడా ఆమెదే అనిపించింది, చివర్లో కొంచెం పైకి లేపి, ఎదుటివాడు జవాబు చెప్పకుండా తల దించుకునేలా. నర్సింహ నిజంగానే తల దించుకున్నాడు. కింద తగిలిన అతి తక్కువ అంకెను మీటరు పట్టి ఉంచుతుంది, దాని మీద ప్రాణవాయువు వందకు పదిహేడు పాయింట్ రెండు అని ఉంది. మంచి గాలి అయితే అక్కడ ఇరవై పాయింట్ తొమ్మిది ఉండాలి. "ఇయ్యాల దిగుడు లేదు. బ్లోయర్ పెట్టి గాలి కొట్టాలె. రేపు పొద్దుగాల సూద్దాం," అని చెప్పి, మీటరు నోరు మూయించి, గుంత మీద ఇనుప జల్లెడ వేయించాను. తిరుమలగిరి నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చినవాడు, ఒక పూట పని పోయిందని గొణుక్కుంటూ వెళ్ళాడు. తిట్టుకోనీ. ఇంటికైతే వెళ్ళాడు కదా.

నేనేదో పెద్ద ఇంజనీరునని అనుకునేరు. సూర్యాపేట బయట ఒక రైస్ మిల్లులో పని చేస్తాను. గుంతలోకో తొట్టిలోకో మనిషి దిగేముందు అక్కడి గాలి చూసి, సరే అని కాగితం మీద సంతకం పెట్టడం నా పని. చదివింది పదో తరగతి, అది కూడా రెండో దెబ్బకు. ఈ పని నాకు పుస్తకం వల్ల సగం వచ్చింది, సైదమ్మ పెద్దమ్మ వల్ల సగం వచ్చింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను.

మాది వేములపల్లి. పదో తరగతిలో సైన్సు పోయింది. ఇంట్లో రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు పక్కింటివాళ్ళతో ఆటో ఎక్కి మిర్యాలగూడ మిల్లులో పనికి వెళ్ళాను. అక్కడి కల్లంలో ఆడవాళ్ళకు పెద్ద సైదమ్మ. ఉడికించిన వడ్లు సిమెంటు కల్లం మీద పోస్తే, మేం వరసగా నడుస్తూ కాళ్ళతో పలచగా నెరపాలి. ఎంత ఎండలోనైనా ఆమె అడుగు తప్పేది కాదు. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, కొంగు నడుముకు చుట్టి బొడ్లో దోపుకునేది. పాలకీడు నుంచి వచ్చి మిల్లు వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. మొదటిరోజు నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఏం జదివినవ్?" అంది. పది ఫెయిల్ అని చెప్పలేక, "పది దాకా" అన్నాను. "దాకా అంటే? తలుపు కాడికి పోయి లోపలికి పోకుండ వచ్చినవా?" అంది. కల్లమంతా నవ్వింది. నాకు అంత కోపం వచ్చిందంటే, ఆ వారమే ఓపెన్ స్కూలుకు ఫీజు కట్టేశాను.

ఆ మిల్లులో ఒక వింత అలవాటు ఉండేది. కల్లం పక్క కొట్టంలో మేకుకు ఒక కందిలి వేలాడుతుండేది. పాత కిరోసిన్ లాంతరే, మేం కందిలి అంటాం. దాని పక్కనే మూరకో ముడి వేసిన తాడు. కరెంటు దీపాలు దేదీప్యమానంగా వెలిగే మిల్లులో ఇదెందుకని నాకు నవ్వొచ్చేది. వడ్లను కింద నుంచి పైకి తోడే ఎలివేటర్ అని ఒకటుంటుంది, పట్టాకు డబ్బాలు కట్టిన యంత్రం. దాని కాళ్ళు రెండు నిలువుల లోతు గుంతలో ఉంటాయి. అందులో గింజలు రాలతాయి, వాన నీళ్ళు చేరతాయి, అన్నీ కలిసి కుళ్ళుతాయి. అప్పుడప్పుడు మనిషి దిగి తోడి పోయాలి. అలా ఎవరు దిగాలన్నా ముందు సైదమ్మ కందిలి వెలిగించి తాడుతో దింపేది. అది అడుగున కూడా వెలుగుతుంటేనే మనిషి దిగాలి. హమాలీలందరూ ఆమెను ఆటపట్టించేవాళ్ళు. అందులో లింగయ్య కాక మొదటివాడు. "వదినె, కందిలికి హారతి ఇచ్చినవా? నన్ను గూడ దిష్టి తియ్యరాదు?" అనేవాడు. "నీకెవలు దిష్టి పెడ్తర్రా, అద్దంల సూసుకున్నవా ఎప్పుడన్న?" అనేది ఆమె, కందిలి గ్లాసు తుడుస్తూనే.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నేను ఊక గోడ నీడలో కూర్చుని పైకి చదివేదాన్ని. కళ్ళతో చదివితే నాకు ఎక్కదు. ఒకరోజు వాతావరణం పాఠం. "ట్రోపో ఆవరణం, స్ట్రాటో ఆవరణం, మెసో ఆవరణం, థర్మో ఆవరణం, ఎక్సో ఆవరణం" అని జపంలా పదిసార్లు అన్నాను. పక్కన నడుం వాల్చిన సైదమ్మ కళ్ళు తెరవకుండానే, "ఎవలే వీళ్ళంతా, రష్యా దేశపు అన్నదమ్ములా?" అంది. గాలి పొరలు పెద్దమ్మా, మన నెత్తి మీద ఒకదాని మీద ఒకటి ఐదు ఉంటాయట, అని చెప్పాను. అన్నిటికన్నా కిందిదాంట్లో మబ్బులు, వానలు. దాని పైదాంట్లో ఎండలోని చెడ్డ కిరణాలను అడ్డుకునే ఓజోను. మూడోదాంట్లో రాలే చుక్కలు కాలిపోతాయి. ఆపైన అంతా పలచబడిపోతుంది, మొత్తం గాలిలో ముప్పావు వంతుకు పైగా కింది పొరలోనే ఉంటుంది అని చదివి వినిపించి, "ఎందుకట్ల అంటే మాత్రం నాకెరుక లేదు," అన్నాను.

ఆమె లేచి కూర్చుంది. గోదాము వైపు చెయ్యి చూపించింది. అక్కడ బస్తాలు ఒకదానిమీద ఒకటి నెట్టు కట్టి ఉన్నాయి. "గా నెట్టు సూడు. పై బస్తా, కింది బస్తా ఒక్క తీరుగ ఉన్నయా?"

"లేవు. కిందిది నలిగి గట్టిగైంది."

"ఎందుకు?"

"మీద బరువుండబట్టి."

"గాలిక్కూడ బరువుంటదని రాసిన్రా నీ బుక్కుల?"

ఉంటుందనే రాశారు. అంతే, ఇన్నాళ్ళుగా నా తలకెక్కనిది ఒక్క నిమిషంలో ఎక్కింది. గాలి మీద గాలి నెట్టు కట్టి ఉంది, మనం అట్టడుగు బస్తా పక్కన నిలబడి ఉన్నాం. నాకు ఉత్సాహం ఆగలేదు. గాలిలో ఏమేం ఉంటాయో కూడా ఆమెకు చెప్పాలనిపించింది. నేలమీద వంద గింజలు లెక్కపెట్టాను. డెబ్బై ఎనిమిది వడ్లు ఒక కుప్ప, ఇది నత్రజని. ఇరవై ఒక్క బియ్యపు గింజలు ఇంకో కుప్ప, ఇది ప్రాణవాయువు. మిగిలిన ఒక్క గింజలో ఆర్గాన్, మిగతావన్నీ. "మరి మనం ఇడిసే గాలి?" అంది. కార్బన్ డయాక్సైడు వందలో ఒక్క గింజ కూడా కాదు పెద్దమ్మా, పదివేల గింజల్లో నాలుగే, అన్నాను గొప్పగా.

ఆమె ఆ గింజల వైపు చాలాసేపు చూసింది. "గంతేనా?" అంది. "గంత సన్నదా మా ఆయనను తీసుకపోయింది?"

అప్పుడు చెప్పింది. ఆమె భర్త, మరిది బాయిల్లో, అంటే బావుల్లో, పూడిక తీసే పని చేసేవాళ్ళట. చాన్నాళ్ళుగా వాడని బాయి, అడుగున ఆకు అలం కుళ్ళి ఉంది. మోటరు తీయడానికి భర్త దిగాడు. సగం దాకా మాట్లాడుతూనే ఉన్నాడు, తర్వాత పిలిస్తే పలకలేదు. అన్నకేమైందోనని మరిది దిగాడు. అతనూ పలకలేదు. ఆమె ఒడ్డున నిలబడి ఉంది. మూడో మనిషి దిగబోతుంటే ఒక ముసలాయన కాళ్ళకు అడ్డంపడి ఆపి, కందిలి దింపి చూపించాడట. సగంలోనే ఆరిపోయింది. "మిట్ట మధ్యాహ్నం, బిడ్డ. బాయిల నీళ్ళు తళతళ మెరుస్తున్నయ్. అన్నీ కనబడుతున్నయ్. కనబడితే బతుకుతమా?" అంది. "పైన ఐదు పొరలు చెప్పినవ్. మన కాళ్ళ కింద ఇంకొకటుంటదని నీ బుక్కుల రాయలే?" పైన పదివేలకు నాలుగు ఉండేది, గుంతలో అదే నిండిపోతుందని, బరువుగా ఉంటుంది కాబట్టి లేచి రాదని, కుళ్ళేవి ప్రాణవాయువును తినేస్తాయని, ఇవన్నీ ఆ పుస్తకంలోనే అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఉన్నాయి. కలిపి చదవడం నాకే రాలేదు.

ఇంత విన్నదాన్ని, నేనే ఆ తప్పు చేశాను. ఇప్పుడు తలుచుకున్నా చెవులు వేడెక్కుతాయి.

వానాకాలం. ఎలివేటర్ ఉన్నట్టుండి ఆగింది. గేటు ముందు వడ్ల లారీలు వరస కట్టాయి. మేనేజరు గారిది కోదాడ. మంచివాడే, తొందర ఎక్కువ. "అమ్మాయ్, ఎంతసేపండీ? లారీవాళ్ళు నన్ను పీక్కు తింటున్నారు. ఎవర్నో ఒకర్ని దింపి పట్టా సరిచేయించండి!" అని అరుస్తున్నాడు. సైదమ్మ బియ్యం కార్డు పని మీద మండలాఫీసుకు వెళ్ళింది. వెళ్తూ, "గుంతల ఎవలన్న దిగాల్సొస్తే నువ్ సూడు. చదువుకున్నదానివి," అని నాకు అప్పజెప్పింది. గర్వంతో కందిలి తీశాను. అందులో చుక్క కిరోసిన్ లేదు. షాపుల్లో దొరకడం ఎప్పుడో మానేసింది, ఆమె ఎక్కడెక్కడో అడిగి తెచ్చేది. దానికి తోడు మేనేజరు అరుపులు. లింగయ్య కాక అప్పటికే చొక్కా విప్పి, "కానియ్ పంతులమ్మా, నా పెండ్లి ముహూర్తం దాటిపోతున్నది," అంటున్నాడు. నాకు మెరుపులా ఆలోచన వచ్చింది. నా ఫోను టార్చి వెలిగించి, పాలిథిన్ కవరులో వేసి, ముడుల తాడుకు కట్టి దింపాను. ఎంత వెలుగు! కందిలి పది పెట్టినా అంత రాదు. అడుగున ఇరుక్కున్న డబ్బా, రాలిన గింజలు, తడి గోడ అన్నీ స్పష్టంగా కనిపించాయి. అడుగు దాకా వెళ్ళినా టార్చి ఆరలేదు.

"మంచిగుంది కాకా, దిగు," అన్నాను.

ఆయన తల గుంత అంచు కిందికి పోయేలా నిచ్చెన మీద ఎనిమిదో మెట్టు దిగాడు. అప్పుడే సైదమ్మ వచ్చింది. చేతి సంచి అక్కడే పడేసి, ఉరుక్కుంటూ వచ్చి, ముందు నా చేతిలోని తాడు చూసింది, తర్వాత గుంతలోకి చూసింది. "ఏం దింపినవే?"

"టార్చి పెద్దమ్మా. ఆరలే, సూడు..."

"టార్చి ఊపిరి పీలుస్తదానే?"

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆమెకు ఆ క్షణం కూడా పట్టలేదు. నేలమీద బోర్లా పడి, చెయ్యి చాపి, లింగయ్య కాక జుట్టు గుప్పిట్లో పట్టుకుంది. "ఎక్కు! లింగా, ఎక్కు పైకి!" ఆయన "అబ్బా, వదినె, జుట్టు..." అంటూనే ఎక్కాడు. పైకొచ్చి కూర్చుని, నవ్వబోయి ఆగాడు. "తల జర దిమ్ముగున్నది," అన్నాడు మెల్లగా. సైదమ్మ ఆఫీసు గదిలో దేవుడి పటం ముందున్న దీపపు ప్రమిదను తెచ్చి, ఖాళీ డబ్బాలో పెట్టి, అదే తాడుతో దింపింది. ఒక ముడి. రెండు ముళ్ళు. మూడో ముడి ఆమె వేళ్ళు దాటగానే మంట చిన్నదై, నీలంగా అయి, ఎవరో వేళ్ళతో నలిపినట్టు ఆరిపోయింది. మేనేజరు గారు లారీల సంగతి మర్చిపోయాడు.

నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. తాడు నా చేతికిచ్చి, గుంత అంచుకు నన్ను తీసుకెళ్ళి, "మంచిగుందన్నది నువ్వే గద? అయితే ముందుగాల నీ కాలు పెట్టు," అంది. నేను నిచ్చెన వైపు చూశాను. నా కాలు కదల్లేదు. "గదే," అంది ఆమె. "నీ కాలు పోని కాడికి ఇంకొకల కాలు పంపకు." అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, దెప్పలేదు, ఎవరితోనూ చెప్పలేదు.

వడ్లు తూర్పారబట్టే పెద్ద ఫ్యాను తెచ్చి, గొట్టం అమర్చి, సాయంత్రం దాకా గుంతలోకి కొత్త గాలి కొట్టించింది. దీపం మళ్ళీ దింపింది. ఈసారి అడుగున కూడా నిలకడగా వెలిగింది. లింగయ్య కాక లేచాడు. ఆమె ఆయన్ని పక్కకు జరిపి, కొంగు బొడ్లో దోపుకుని, తాడు నడుముకు కట్టుకుని, తానే మొదట దిగింది. ఒక్కో మెట్టూ దిగుతూ, పైకి వినబడేలా మాట్లాడుతూనే ఉంది. లింగయ్య కొడుకు పెళ్ళి గురించి, మేనేజరు గారి బట్టతల గురించి, మండలాఫీసులో చూసిన కొత్త చీర గురించి. మాట ఆగితే లాగమని తాడు రెండో కొస ముందే నా చేతికిచ్చింది. ఆ తాడు అంత గట్టిగా నేను ఇప్పటిదాకా ఏదీ పట్టుకోలేదు.

ఆ ఏడాది సైన్సులో పాసయ్యాను. ఇంకొన్నాళ్ళకు మిల్లుల్లో పనిచేసేవాళ్ళకు శిక్షణ అని ఒక సారు వస్తే, ఆడవాళ్ళ తరఫున నన్ను పంపారు. ఆయన మీటరు చూపించాడు. దీపం దింపడం కూడా ప్రమాదమే అన్నాడు. కుళ్ళిన చోట మండే గాలి కూడా ఉండొచ్చట, మంట తగిలితే భగ్గుమంటుందట. కొన్ని విషపు గాలులనైతే దీపం అసలు పసిగట్టదట. ఈ మాట సైదమ్మకు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు తప్పించుకు తిరిగాను. ఆమె కందిలిని కాదనడం, ఆమె భర్తను కాదన్నట్టు అనిపించింది. చివరికి నసుగుతూ చెప్పాను. ఆమె ఊక చేటలోంచి తల కూడా ఎత్తలేదు. "అయితే మీటరే తెప్పియ్యమను. కందిలి మీద నాకేం ప్రేమనే? మనిషి మీద గని." వారం రోజులు నేనొక చెవిలో, ఆమె ఒక చెవిలో పోరితే మేనేజరు గారు మీటరు తెప్పించాడు. దాన్ని మొదటిసారి దింపినప్పుడు తాడు మాత్రం పాతదే కట్టింది. "ముడులు అక్కరకొస్తయ్. ఎంత లోతుల చెడ్డదో ఎరుకైతది," అంది.

సూర్యాపేటకు వచ్చేటప్పుడు ఆ తాడు నాకిచ్చింది. ఇప్పుడామె పాలకీడులో కూతురి దగ్గర ఉంటోంది, మోకాళ్ళు పనిచేయడం లేదు, నోరు మాత్రం బాగానే పనిచేస్తుంది. నిన్న సాయంత్రం డ్యూటీ దిగగానే ఫోన్ చేశాను. మీటరు కూసిందని చెప్పాను.

"ఎన్నో ముడి కాడ?"

"మూడో ముడి, పెద్దమ్మా."

"మనిషి?"

"దిగలే."

"ఇగ మంచిది. తిన్నవా?" అని, నేను ఊ అనేలోపే, "రేపు ముందుగాల ఎవలు దిగుతున్రు?" అంది.

ఇక్కడికి వచ్చాక నేను ఒక్కసారి కూడా గుంతలో దిగలేదు. అంకె చూపిస్తాను, సంతకం పెడతాను, పక్కకు జరుగుతాను. మీటరు ఉంది కదా, నా పని అయిపోయింది కదా అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ రోజు కదలని కాలు ఇన్నేళ్ళుగా కదల్లేదు, ఆ భయాన్ని సంతకం కింద దాచుకున్నాను. అవతల ఆమె జవాబు కోసం ఆగలేదు. "సరే బిడ్డ, సీరియల్ అయితున్నది," అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున, అంటే ఇవాళే, మిల్లుకు అందరికంటే ముందు వెళ్ళాను. బ్లోయర్ తిరుగుతూనే ఉంది. పుల్లటి వాసన పోయి, తడి మట్టి వాసన వస్తోంది. తాడు దింపాను. ఒక ముడి, రెండు, మూడు, నాలుగు, అడుగు. మీటరు కూయలేదు. పైకి లాగి నర్సింహకు చూపించాను, ఇరవై పాయింట్ తొమ్మిది. అతను లుంగీ ఎగ్గట్టబోయాడు. నేను నడుముకు బెల్టు బిగించి, దానికి మీటరు తగిలించుకుని, తాడు ఒక కొస బెల్టుకు కట్టి, రెండో కొస అతని చేతిలో పెట్టాను. "నేను మాట్లాడుకుంట పోత. మాట ఆగితే గుంజు. నువ్వు మాత్రం దిగకు," అన్నాను.

"ఏం మాట్లాడుతవక్కా?" అన్నాడు, ఏమీ అర్థంకాక.

చున్నీ నడుముకు చుట్టి బొడ్లో దోపుకున్నాను. "మన నెత్తి మీద గాలి ఐదు పొరలుంటది తెలుసా తమ్మీ? అన్నిటికంటే కిందిదాని పేరు ట్రోపో," అంటూ మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.